హాజరు పట్టీలో లేని రోజులు



2020 జనవరి మొదటి వారంలో కర్ణాటకలోని మూడబిదిరె అనే ఊళ్లో అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున ఒక విశాఖపట్నం అమ్మాయి వంద మీటర్ల హర్డిల్స్‌లో పరుగెత్తింది. పది అడ్డంకులు దాటి గీత తాకేసరికి గడియారం 13.03 సెకన్లు చూపించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38 సెకన్లు. 2002లో అనురాధా బిశ్వాల్ నెలకొల్పిన ఆ రికార్డును అన్నేళ్లుగా ఎవరూ కదిలించలేకపోయారు. ఒక సెక్యూరిటీ గార్డు కూతురు, యూనివర్సిటీ విద్యార్థిని, దాన్ని దాటేసింది. ఆ అమ్మాయి పేరు జ్యోతి యర్రాజి.

అయినా ఆ పరుగు రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. ఆ పోటీల్లో ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు. అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. ఆ రెండూ లేకపోతే రికార్డుగా గుర్తించరు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో జ్యోతి మళ్లీ 13.09 సెకన్లలో పరుగెత్తింది. ఆ రోజు వెనక నుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు. నిబంధన ప్రకారం 2 మీటర్లు దాటకూడదు. అదీ లెక్కలోకి రాలేదు. చివరికి అదే ఏడాది మే నెలలో, సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో, 13.23 సెకన్లతో ఆమె పేరు రికార్డులకెక్కింది.

గాలి ఎవరి మాటా వినదు. కోళికోడ్‌లో జరిగినదానికి ఎవర్నీ తప్పు పట్టలేం. మూడబిదిరెలో జరిగింది అలాంటిది కాదు. పరీక్ష చేసే మనిషిని పంపడం, పర్యవేక్షించే అధికారిని కూర్చోబెట్టడం పెద్దవాళ్లు చేయాల్సిన పనులు. అమ్మాయి తన వంతు పరుగు తాను పరుగెత్తింది. పెద్దల వంతు పని మిగిలిపోయింది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ మిగిలిపోయే పని గురించే. కళాశాలలో చదువుతూ ఆడే పిల్లల్ని మనం తరచూ ఒక మాట అంటాం: “ఆట, చదువు రెండూ సమానంగా చూసుకోవాలమ్మా” అని. తక్కెడ వాళ్ల చేతిలో పెట్టి మనం పక్కకు తప్పుకుంటాం. ఆ తక్కెడలో రెండు పళ్లాలూ కళాశాలవే, తూకం రాళ్లూ కళాశాలవే. పిల్లవాడిది చెయ్యి మాత్రమే. ఆ చెయ్యి వణికితే వాడి పట్టుదల చాలలేదంటాం.

నేను క్రీడాకారిణిని కాను. ఒక జిల్లా కేంద్రంలోని డిగ్రీ కళాశాలలో ఇరవై ఎనిమిదేళ్లు కామర్స్ పాఠాలు చెప్పాను. గ్రౌండ్‌కి వెళ్లిన పిల్లల్ని తరగతి గది కిటికీలోంచి చూసినదాన్ని. వాళ్ల హాజరు వేసినదాన్ని. ఆ హాజరు పట్టీ నాకు నేర్పిన సంగతులే మీతో పంచుకుంటాను.

ముందుగా ఒక క్రీడా విద్యార్థి రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. తెల్లవారి అయిదున్నరకు గ్రౌండ్‌లో ఉండాలి. వార్మప్, పరుగు, ఆట, వ్యాయామం పూర్తయ్యేసరికి ఎనిమిది దాటుతుంది. హాస్టల్ మెస్‌లో టిఫిన్ ఎనిమిదింటికే అయిపోతుంది. తొమ్మిదిన్నరకు మొదటి పీరియడ్. మధ్యలో స్నానం, బట్టలు ఉతుక్కోవడం. బిస్కెట్ ప్యాకెట్ ఒకటి చించుకుని తింటూ క్లాసుకి వస్తారు. మూడో పీరియడ్‌కి చివరి బెంచీ మీద తల వాలిపోతుంది. సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ గ్రౌండ్. రాత్రి ఎనిమిదికి పుస్తకం తెరిస్తే ఒళ్లంతా సలుపు. ఆ చివరి బెంచీ పిల్లవాడికి మేం స్టాఫ్ రూమ్‌లో పెట్టే పేరు ‘నిద్రమొహం’. వాడు తెల్లవారుజాము నుంచి ఎన్ని మైళ్లు పరుగెత్తాడో మాకు తెలియదు. మేం అడగలేదు.

ఇక రోజుల లెక్క. విశ్వవిద్యాలయ నిధుల సంఘం చెప్పిన ప్రకారం ఏడాదికి 180 బోధనా దినాలు, అంటే సెమిస్టర్‌కి 90 రోజులు. పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలి. అంటే సెమిస్టర్ మొత్తంలో 22 రోజులకు మించి పోగొట్టుకోకూడదు. ఇప్పుడు ఒక కబడ్డీ అమ్మాయి దారి చూడండి. అంతర కళాశాలల పోటీలకు మూడు రోజులు. యూనివర్సిటీ జట్టు ఎంపికకు ఒక రోజు. ఎంపికయ్యాక కోచింగ్ క్యాంపు, తక్కువలో తక్కువ పది రోజులు అనుకుందాం. దక్షిణ మండల పోటీలు ఏ కేరళలోనో తమిళనాడులోనో పెడితే, రైల్లో పోనూ రానూ నాలుగు రోజులు. పోటీలు అయిదు రోజులు. కూడితే ఇరవై మూడు. ఒక్కసారి జ్వరం రాకుండానే, ఇంట్లో ఒక్క పెళ్లికీ వెళ్లకుండానే, 22 దాటిపోయింది. జట్టు బాగా ఆడి అఖిల భారత పోటీలకు అర్హత సాధిస్తే ఇంకో పది రోజులు. అంటే బాగా ఆడినకొద్దీ హాజరు తగ్గుతుంది. గెలుపు పెరిగినకొద్దీ పరీక్ష దూరమవుతుంది.

ఇంకో సంగతి ఉంది. మా రోజుల్లో డిగ్రీకి వార్షిక పరీక్షలుండేవి, మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఆటల కాలం అక్టోబరు నుంచి జనవరి దాకా. జట్టు తిరిగొచ్చాక రెండు నెలలు చేతిలో ఉండేవి. నోట్సు అడిగి తీసుకుని, కూర్చుని చదివి గట్టెక్కేవారు. సెమిస్టర్ విధానం వచ్చాక నవంబరు, డిసెంబరుల్లో ఒక పరీక్ష, అంతకు ముందు ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, ప్రాక్టికల్స్. ఆ విధానంలో మంచి చాలా ఉంది, నేను కాదనను. కానీ అది వచ్చినప్పుడు ఆటల క్యాలెండర్‌ని దాని పక్కన పెట్టి చూసినవారు తక్కువ. పరీక్షల విభాగం ఒక గదిలో తేదీలు వేస్తుంది. క్రీడా విభాగం ఇంకో గదిలో తేదీలు వేస్తుంది. రెండు తేదీలూ ఒకే పిల్ల నెత్తిన పడతాయి.

అలా పడిన ఒక పిల్ల గురించి చెప్పాలి. ఇది చెప్పడం నాకు సులువు కాదు.

ఆ అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. కూతకు వెళ్లిందంటే అవతలి జట్టు వాళ్లు వెనక్కి అడుగులు వేసేవారు. యూనివర్సిటీ జట్టుకి ఎంపికైంది. మండల పోటీల్లో ఆమె మ్యాచ్ ఉన్న రోజే అకౌంట్స్ పేపరు పడింది. ఓడీ, అంటే ఆన్ డ్యూటీ, కాగితం పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. “మేడమ్, పరీక్ష రాయమంటారా, మ్యాచ్‌కి వెళ్లమంటారా?” అని అడిగింది. నేను సంతకం పెట్టి, “అది నువ్వే తేల్చుకోవాలమ్మా” అన్నాను. ఆమె నిర్ణయాన్ని గౌరవిస్తున్నానని అప్పట్లో నిజంగానే అనుకున్నాను.

వెళ్లింది. వాళ్ల జట్టు మూడు మ్యాచ్‌లు గెలిచి వచ్చింది. ఇక్కడ అకౌంట్స్ బ్యాక్‌లాగ్ పడింది. అసైన్‌మెంట్ గడువు దాటిందని ఇంటర్నల్స్‌లో మార్కులు పోయాయి. ఓడీ కాగితం ఏ ఫైల్లోకి వెళ్లిందో, హాజరు తక్కువైన వాళ్ల జాబితాలో ఆమె పేరు వచ్చింది. ఆ జాబితా కింద నా సంతకమే ఉంది. కండోనేషన్ ఫీజు కట్టడానికి వాళ్ల నాన్న వచ్చారు. భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, కౌంటర్ దగ్గర నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

మరుసటి ఏడాది ఎంపిక పోటీలకు ఆమె రాలేదు. వరండాలో కనబడితే అడిగాను. “ఇంక ఆడను మేడమ్. డిగ్రీ అయిపోతే చాలు” అంది. కోపం లేదు, ఏడుపు లేదు. తేల్చుకోమన్నాను కదా, తేల్చుకుంది.

ఆ రాత్రి నాకు ఒక విషయం స్పష్టమైంది. ఆ అమ్మాయి మ్యాచ్ ఆడిన రోజున ఆమె వీపు మీద మా విశ్వవిద్యాలయం పేరు ఉంది. సరిగ్గా అదే రోజున మా రిజిస్టర్‌లో ఆమె పేరు ఎదురుగా గైర్హాజరు అని ఉంది. ఒక సంస్థ పేరు మోస్తూ ఆ సంస్థకే రాకుండా పోవడం ఎలా సాధ్యం? నేను ఆ పిల్లకు ఇచ్చింది స్వేచ్ఛ కాదు. మేం తీసుకోవాల్సిన నిర్ణయాన్ని పంతొమ్మిదేళ్ల పిల్ల భుజాల మీదకు తోశాను.

తర్వాత మా పీడీ సార్, అంటే ఫిజికల్ డైరెక్టర్ గారు, నేను, ఇంకో ఇద్దరు అధ్యాపకులం కూర్చుని కొన్ని పనులు మొదలుపెట్టాం. వాటికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఏ కళాశాలైనా చేయగలదు కాబట్టి చెబుతున్నాను.

మొదటిది, రెండు క్యాలెండర్లను ఒకే కాగితం మీద రాయడం. ఏడాది మొదట్లోనే పోటీల తేదీలు, పరీక్షల తేదీలు పక్కపక్కన పెడితే ఎక్కడ ఢీకొంటాయో ముందే కనబడుతుంది. ముందు కనబడితే ఇంటర్నల్ పరీక్ష వారం జరపొచ్చు. అది కళాశాల చేతిలో పనే. సెమిస్టర్ పరీక్ష తేదీ విశ్వవిద్యాలయం చేతిలో ఉంటుంది. దానికి ప్రిన్సిపాల్ గారి ద్వారా ముందే ఉత్తరం రాయాలి. తన జట్టులో ఆడటానికి తానే పంపిన విద్యార్థికి ప్రత్యేక పరీక్ష పెట్టడం విశ్వవిద్యాలయం చేసే దయ కాదు, బాధ్యత. రాసిన ప్రతి ఉత్తరానికీ మాకు ఫలితం రాలేదు. రాయడం మానలేదు.

రెండోది, ఓడీ కాగితాన్ని విద్యార్థి మోయకూడదు. పీడీ గారి గది నుంచి నేరుగా ప్రతి విభాగానికీ జాబితా వెళ్లాలి. ఏ పిల్ల ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడ ఆడుతోందో అందులో ఉండాలి. అధ్యాపకుడు రిజిస్టర్‌లో ఆ గడులు ఆ రోజే నింపాలి.

మూడోది, పోయిన పాఠాలను తిరిగి ఇవ్వడం. హాజరు ఇచ్చినంత మాత్రాన అకౌంట్స్ రావు. ప్రతి క్రీడా విద్యార్థికీ అదే తరగతిలో ఒక నోట్సు జోడీని పెట్టాం. రోజూ రాసిన పేజీలు ఫోటో తీసి పంపడం ఆ జోడీ పని. మేం పాఠంలోని ముఖ్యమైన లెక్కను పది నిమిషాలు వాయిస్ రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టేవాళ్లం. స్లీపర్ బోగీలో పై బెర్తు మీద పడుకుని తరుగుదల లెక్కలు విన్నామని పిల్లలు చెబితే ఎంత సంతోషమేసిందో! జట్టు తిరిగొచ్చాక రెండు వారాలు సాయంత్రం ఒక గంట వాళ్లకే పాఠాలు. తరగతిలో వెనకబడిన మిగతా పిల్లలు కూడా వచ్చి కూర్చునేవారు. వద్దనలేదు.

నాలుగోది, ఆరేడుగురు పిల్లలకు ఒక అధ్యాపకుడు. మార్కుల కోసమే కాదు. భోజనం చేశావా, మోకాలు ఎలా ఉంది, ఇంట్లో ఏమంటున్నారు అని అడిగే మనిషి. అయిదోది మెస్ టిఫిన్ తొమ్మిది దాకా ఉంచడం. దానికి కావలసిందల్లా వార్డెన్ గారితో ఒక్క మాట. ఆ ఒక్క మాట అన్నేళ్లూ ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు తల్లిదండ్రుల వైపు వస్తాను. “ఆటలు అన్నం పెడతాయా?” అని మన ఇళ్లలో అడుగుతారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. నోట్లు లెక్కపెట్టిన ఆ హమాలీ నాన్న కూడా అదే అడిగి ఉంటారు.

పుల్లెల గోపీచంద్ గారి కథ అందరికీ తెలుసు. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. హైదరాబాద్ ఏవీ కళాశాలలో చదువుకున్నారు. 1990-91లో భారత విశ్వవిద్యాలయాల ఉమ్మడి బ్యాడ్మింటన్ జట్టుకు నాయకుడు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో తాను గట్టెక్కలేదని, సోదరుడు ఐఐటీకి వెళ్లారని, చదువులో వెనకబడటమే తన అదృష్టమైందని ఆయన బహిరంగంగా చెబుతారు. మా పిల్లలు ఈ మాట ఎంతో ఇష్టంగా చెప్పుకుంటారు. అయితే అదే గోపీచంద్ 2025లో ఇంకో మాట కూడా అన్నారు. ఆర్థికంగా స్థోమత లేని కుటుంబాలు పిల్లల్ని ఆటనే వృత్తిగా నమ్ముకోనివ్వొద్దని హెచ్చరించారు. ఆట ముగిశాక క్రీడాకారులు బతుకుతెరువు కోసం పడే పాట్లు దగ్గరగా చూసిన మనిషి అన్న మాట అది. రెండు మాటలూ ఒకే మనిషివి. రెండూ కలిపి వినాలి.

ఆటతోనే జీవితమంతా గడిచేది కొద్దిమందికే. మిగతావారికి ఆట పదేళ్లో పదిహేనేళ్లో ఉంటుంది. ఆ తర్వాత నలభై ఏళ్ల బతుకు ఉంటుంది. అందుకని చదువును ‘ఆట పోతే పనికొచ్చేది’ అని చెప్పడం నాకు నచ్చదు. అలా చెబితే చదువుకున్న ప్రతి గంటా ఓటమికి సిద్ధమవుతున్నట్టు అనిపిస్తుంది. నేను పిల్లలతో ఇంకోలా చెప్పేదాన్ని. వేస్ పేస్ గారు 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన భారత హాకీ జట్టులో ఉన్నారు. ఆయన వైద్యుడు. తర్వాత క్రీడా వైద్యంలో ఎన్నో ఏళ్లు పనిచేశారు. ఆయన చదువు ఆటను వదిలేయలేదు, ఆట దగ్గరికే తిరిగొచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఆమె 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆటలో నేర్చుకున్నది బయట అక్కరకు రావడమంటే ఇదీ.

ఇంటి అండ గురించి ఒక మాట. పి.వి.సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. కూతురు చిన్నప్పుడు ఇంటికీ గచ్చిబౌలి అకాడమీకీ రోజూ యాభై కిలోమీటర్లకు పైగా తిరిగేది. సింధు సెయింట్ ఆన్స్ మహిళా కళాశాలలో బీకాం, ఆపైన ఎంబీఏ చేసింది. ఆ ఇంట్లో ఆట అంటే ఏమిటో తెలుసు. తెల్లవారుజామున ఎందుకు లేవాలో, ఓడిన రోజు ఎలా మాట్లాడాలో తెలుసు. మన పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఆ తెలివిడి ఉండదు. అది ఆ తల్లిదండ్రుల లోపం కాదు, వాళ్లు ఎప్పుడూ ఆడలేదు, అంతే. ఆ లోటు పూడ్చాల్సింది కళాశాలే. ఏడాదికొకసారి క్రీడా విద్యార్థుల తల్లిదండ్రుల్ని పిలిచి, గ్రౌండ్ పక్కన కుర్చీలు వేసి, పిల్లల ఆట చూపించండి. నేను చూశాను. కూతురు ఆడటం మొదటిసారి చూసిన తల్లి ఆ తర్వాత “ఆటలు అన్నం పెడతాయా” అని అడగలేదు. “ఈ పిల్లకి ఇంకా ఏం పెట్టాలి?” అని అడిగింది.

నిజమే, ఏం పెట్టాలి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మన గ్రౌండ్‌లో పరుగెత్తే ఆడపిల్లలు ఈ లెక్కలోని వాళ్లే. ఆయాసపడుతున్న పిల్లని ‘స్టామినా లేదు’ అని తిట్టే ముందు రక్తపరీక్ష చేయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అయ్యే పని అది. ఐరన్ మాత్రలు డాక్టరు చెబితే వేసుకోవచ్చు. పల్లీ, బెల్లం, ఆకుకూర, గుడ్డు ఖరీదైన తిండి కాదు. నెలసరి రోజుల్లో ఇబ్బందిగా ఉందని పీడీ సార్‌కి చెప్పలేక, వంక పెట్టి ప్రాక్టీసు మానే అమ్మాయిలు ప్రతి జట్టులోనూ ఉంటారు. వాళ్లు నోరు తెరిచి చెప్పుకోవడానికి ఒక మహిళా అధ్యాపకురాలు ఉండాలి. గ్రౌండ్ దగ్గర తలుపు గడియ పడే మరుగుదొడ్డి ఉండాలి. ఇంత చిన్న విషయం రేడియోలో చెప్పాలా అనుకోకండి. ఎంతోమంది ఆట ఆగిపోయింది ఇంత చిన్న విషయాల దగ్గరే.

ఇంకో ప్రమాదం పొడి డబ్బాలు. కండ పెరుగుతుందని జిమ్‌లో ఎవరో అమ్ముతారు, సీనియర్ ఎవరో ఇస్తాడు. అందులో నిషేధిత పదార్థం ఉంటే తెలియక వాడినా బాధ్యత క్రీడాకారుడిదే. శిక్ష నాలుగేళ్ల నిషేధం దాకా ఉంటుంది. నాలుగేళ్లంటే కళాశాల ఆట మొత్తం. ఏటా ఒక పూట కూర్చోబెట్టి ఈ ఒక్క విషయం వివరంగా చెప్పినా చాలు.

దెబ్బ తగిలిన రోజుల సంగతి కూడా చెప్పాలి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు 2017లో అంతర విశ్వవిద్యాలయ పోటీల్లోనే భుజానికి గాయమైంది. చాలా నెలలు రింగ్‌కి దూరమైంది. ఆ నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయింది. తర్వాత తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా చేరింది. మనం ఆ విజయం దగ్గర చప్పట్లు కొడతాం. మధ్యలో ఉన్న ఆ నెలలే మన కళాశాలలు చూసుకోవాల్సినవి. ఆడుతున్నంతకాలం చుట్టూ జట్టు ఉంటుంది. కట్టు పడ్డ రోజు నుంచి ఫోను మోగదు. అప్పుడు ఆ పిల్ల గుండెలో ఒక ప్రశ్న మొదలవుతుంది. ఆట లేకపోతే నేనెవర్ని?

వ్యక్తిత్వం పెరగడమంటే ఆ ప్రశ్నకు జవాబు ఉండటమే అని నేను అనుకుంటాను. ఆట చాలా నేర్పుతుంది. ఓడాక అవతలివాడికి చెయ్యి ఇవ్వడం నేర్పుతుంది. కొత్త ఊళ్లో, తెలియని భాషలో అన్నం అడిగి తినడం నేర్పుతుంది. కానీ మైకు ముందు నాలుగు మాటలు మాట్లాడటం, బ్యాంకు కాగితం చదివి సంతకం పెట్టడం, వచ్చిన బహుమతి డబ్బు దాచుకోవడం, నాకు మనసు బాగోలేదని చెప్పి సాయం అడగడం, ఇవి ఆట దానంతట అది నేర్పదు. పుస్తకం నేర్పాలి, స్నేహితులు నేర్పాలి, మేం నేర్పాలి. గాయపడ్డ పిల్లని జట్టుతోనే ఉంచండి. స్కోరు రాయమనండి, జూనియర్లకు మెళకువలు చెప్పమనండి. కళాశాల పత్రికలో పోటీల కబురు రాయమనండి. ఆటగత్తె అన్న ఒక్క పేరు మీదే నిలబడ్డ పిల్లకు ఇంకో రెండు పేర్లు దొరుకుతాయి.

మన బంధువుల పిల్లలు చాలామంది చదువుతున్న అమెరికాలో, కళాశాల క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థకు ఒక నిబంధన ఉంది. పోటీల కాలంలో ఆటకు రోజుకు 4 గంటలు, వారానికి 20 గంటలు మించకూడదు, వారంలో ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఆ గీత దాటే జట్లు అక్కడా ఉన్నాయి. అక్కడి ఆటలో ఉన్నంత డబ్బూ మన దగ్గర లేదు. మనం తీసుకోదగ్గది ఆ ఆలోచన ఒక్కటే. పిల్లవాడి సమయానికి ఒక హద్దు ఉండాలి, ఆ హద్దు గీయాల్సింది పెద్దలు.

మన దగ్గర కూడా దారులు తెరుచుకుంటున్నాయి. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు పిల్లలకు కొత్త వేదిక. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో, చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు ఏడేళ్ల దాకా నిల్వ ఉంటాయి. పెద్ద పోటీ ఉన్న సెమిస్టర్‌లో కొన్ని సబ్జెక్టులు వాయిదా వేసుకుని తర్వాత పూర్తి చేసే వీలు దీనితో కలగాలి. అయితే ఈ సంగతి విద్యార్థికి ఎవరు చెప్పాలి? ఫారం ఎవరు నింపించాలి? మళ్లీ అదే దగ్గరికి వస్తున్నాం. దారి ఉండటం వేరు, చెయ్యి పట్టుకుని ఆ దారి దాకా తీసుకెళ్లడం వేరు.

జ్యోతి యర్రాజి 2023లో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లలో పరుగెత్తి కాంస్యం గెలిచింది. మూడబిదిరెలో లెక్కలోకి రాని ఆ పరుగు తర్వాత ఆమె ఆగిపోలేదు. ఆమె గట్టి మనిషి. కానీ గట్టి మనుషులే మిగిలేలా వ్యవస్థను నడపడం న్యాయం కాదు. “డిగ్రీ అయిపోతే చాలు మేడమ్” అన్న పిల్ల కూడా మన పిల్లే. ఆమెలో ఎంత ఆట మిగిలి ఉండేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

వింటున్నవారిలో అధ్యాపకులు ఉంటే ఒక్కటే కోరుతున్నాను. రేపు హాజరు వేసేటప్పుడు ఒక పేరు దగ్గర జవాబు రాకపోతే, గడి నింపే ముందు పీడీ గారి గది నుంచి వచ్చిన జాబితా చూడండి. జాబితా రాకపోతే మీరే వెళ్లి అడగండి. ఆ పిల్ల ఏ ఊళ్లోనో, వీపు మీద మన పేరుతో, ఊపిరి బిగబట్టి కూతకు వెళుతూ ఉండొచ్చు.

నేను పదవీ విరమణ చేసే ముందు ఆ పాత రిజిస్టర్ ఒకసారి తీసి చూశాను. ఆమె పేరు ఎదురుగా వరుసగా ఇరవై మూడు గడులు. అన్నిట్లోనూ నా చేతిరాతతో గైర్హాజరు. దిద్దే అధికారం అప్పటికి నాకు లేదు. తర్వాతి సంవత్సరాల రిజిస్టర్లలో ఆ గడుల్లో ఓడీ అని రాసి ఉంది. దాని పక్కనే, ఏ పాఠాలు తిరిగి చెప్పామో ఆ తేదీలు రాసి ఉన్నాయి.